డయల్ రంగు మారిన పాత వాచీ ఇంట్లో ఉంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

నెల్లూరు, ఒంగోలు వైపు పాత ఇళ్ళలో బీరువా సొరుగు లాగి చూస్తే ఒక హెచ్‌ఎంటీ వాచీ అయినా బయటపడుతుంది. పెళ్ళిలో అల్లుడికి పెట్టినదో, బిట్రగుంట రైల్వేలో పనిచేసిన తాతదో, పొగాకుకి మంచి రేటు పలికిన ఏడాది నాన్న ముచ్చటపడి కొనుక్కున్నదో అయి ఉంటుంది. కీ ఇస్తే చాలావరకు ఇప్పటికీ నడుస్తాయి. డయల్ మాత్రం ఒకప్పటిలా ఉండదు, తెల్లది మీగడ రంగుకి, వెండి రంగుది పసుపుకి, నల్లది గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంటుంది. అది చూడగానే ఎక్కువ మందికి వచ్చే ఆలోచన ఒకటే, షాపుకి తీసుకెళ్ళి డయల్‌కి కొత్తగా రంగు వేయించేద్దామని.

దయచేసి ఆ ఒక్క పని మాత్రం వెంటనే చేయకండి. మెషిన్ ఎప్పుడైనా సర్వీసింగ్ చేయించుకోవచ్చు, అద్దం మార్చుకోవచ్చు, బెల్టు ఇష్టమొచ్చినన్నిసార్లు మార్చుకోవచ్చు, కానీ డయల్ మీద పాత పూత గీకేసి కొత్తది కొట్టాక పాతదాన్ని ఎవరూ వెనక్కి తెచ్చివ్వలేరు. ఆ రంగు రావడానికి నలభై యాభై ఏళ్ళు పట్టింది, అదీ ఆ ఒక్క వాచీకే ఆ తీరులో వచ్చింది. అందుకే డయల్ గురించిన నిర్ణయం అన్నిటికంటే చివర్లో తీసుకోవాలి, ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు అద్దం సంగతి తేల్చుకోండి

పాత వాచీలకి ఎక్కువగా ఉండేది గాజు కాదు, ప్లాస్టిక్ అద్దం. అది కూడా ఏళ్ళ తరబడి పసుపెక్కుతుంది, గీతలు పడి మసకబారుతుంది. చాలాసార్లు డయల్ పాడైందనుకుని బాధపడతాం, తీరా అద్దం తీసి చూస్తే కింద డయల్ శుభ్రంగా ఉంటుంది. పొద్దున పూట వరండాలో నీడపట్టున నిలబడి, ఎండ నేరుగా పడకుండా, వాచీని కాస్త పక్కకి వంచి చూడండి. పసుపు అంచుల దగ్గర అద్దం మందంలోనే కనిపిస్తుంటే తప్పు అద్దానిదే. పై గీతలు పోవడానికి మామూలు తెల్ల టూత్‌పేస్టు కొంచెం మెత్తటి గుడ్డకి రాసి గుండ్రంగా రుద్దితే చాలు, ప్లాస్టిక్ అద్దానికి అది బాగా పనిచేస్తుంది. అంచు చుట్టూ పేస్టు, నీళ్ళు లోపలికి దిగకుండా చూసుకోండి. అప్పటికీ మసకే అయితే కొత్త అద్దం వేయించేయండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. పగిలిన అద్దంతో మాత్రం ఒక్క వారం కూడా ఉంచకండి, మన తీరం గాలిలో తేమ, ఉప్పు సంగతి తెలిసిందే కదా.

డయల్ రంగు ఎందుకు మారిందో చూడండి

ఇక్కడ కాస్త ఓపిక కావాలి, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. డయల్ అంటే మామూలుగా పలచటి ఇత్తడి రేకు. దాని మీద వెండి పూతో నికెల్ పూతో పెయింటో ఉంటుంది, ఆ పైన సన్నటి వార్నిష్ పొర ఉంటుంది. ఈ మూడింటిలో ఏది మారిందన్నదాన్ని బట్టి డయల్ రకరకాలుగా కనిపిస్తుంది.

నల్ల డయల్ గోధుమ రంగుకి తిరిగిందంటే ఎక్కువగా వెలుతురు పని. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి అప్పటి నల్ల పెయింట్లలోని రంగు నిలవలేదు. వాచీలు సేకరించే వాళ్ళు వీటిని ట్రాపికల్ డయల్ అంటారు, ఎండలు మండే దేశాల్లో వాడిన వాచీల్లో ఎక్కువగా కనిపించాయని ఆ పేరు వచ్చింది. అయితే ఎండ ఒక్కటే కారణం కాదు, ఆ విడతలో కలిపిన పెయింటు, వార్నిష్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఒకే మోడల్ వాచీలు రెండు, ఒకే ఏడాది కొన్నవి, ఒకే ఊళ్ళో వాడినవి కూడా ఒకటి బ్రౌన్ అయి ఇంకొకటి నల్లగానే ఉండిపోవచ్చు. రోలెక్స్ డేటోనాలో 16520 అనే మోడల్ ఉంది, అందులో కొన్నిటికి లోపలి చిన్న డయళ్ళ చుట్టూ ఉండే తెల్లటి వలయాలు మాత్రమే గోధుమ రంగుకి తిరిగాయి, కారణం వాటి మీద వేసిన వార్నిష్ గాలికి ఆగకపోవడం. వేలం రంగంలో పేరున్న ఒస్వాల్డో పత్రీజీ దాన్ని గమనించి చెప్పాక ఆ డయళ్ళకి ఆయన పేరే పెట్టేశారు. ఫ్యాక్టరీలో జరిగిన లోపం, తర్వాత జనం వెతుక్కుని కొనే గుణం అయింది.

వెండి రంగు డయల్ పసుపుగా, ఆ తర్వాత ముదురు గోధుమగా మారితే అది వెండికి గంధకం తగిలిన ఫలితం. ఇంట్లో వెండి గ్లాసులు నల్లబడేదీ ఇందుకే. వార్నిష్ సన్నగా పగిలిన చోట గాలి దూరి మెల్లగా రంగు తిప్పుతుంది. మన హెచ్‌ఎంటీలు, పాత ఫేవర్ లూబాలు, వెస్ట్ ఎండ్‌లు, రోమర్‌లు చాలావాటిలో కనిపించే వెచ్చటి పసుపు ఇలా వచ్చిందే, లేదా పై వార్నిష్ తానే ముదిరి పసుపెక్కింది.

ఈ రెండూ మంచి మార్పులు. ఇక చెడ్డది తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, వాయుగుండాలు, గాలిలో ఎప్పుడూ ఉప్పు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వాడిన వాచీల్లో ఇది ఎక్కువగా చూస్తాం. కీ తిప్పే గుండీ ఉన్న వైపు, అంటే మూడు గంటల వైపు ముందు మచ్చ మొదలవుతుంది, అక్కడినుంచే నీరు దిగుతుంది కాబట్టి. ముళ్ళు బిగించే మధ్య రంధ్రం చుట్టూ తుప్పు రంగు వలయం, పెయింటు బుడగల్లా ఉబ్బడం, అంచుల్లో పచ్చటి చిలుము, ఇవి కనిపిస్తే రంగు మారడం అనకూడదు, అది జబ్బు. చిలుము ఆగదు, కింద ఇత్తడిని తింటూ పోతుంది.

రెంటికీ తేడా కనిపెట్టడానికి పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, వాచీ రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునేది. హెచ్‌ఎంటీలోనే జనతా అనే మోడల్ ఉంది, అలాంటి పాత వాచీ ఒకదాన్ని దాని కింద పెట్టి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను. డయల్ అంతా ఒకే మీగడ రంగులో కనిపించేది కాస్తా, మధ్యలో కొంచెం లేతగా, అంచుకి పోయేకొద్దీ చిక్కగా విడిపోతుంది. పన్నెండు పక్కన వార్నిష్‌లో వెంట్రుక కంటే సన్నటి పగుళ్ళు. వాచీ ఏళ్ళ తరబడి ఆగిపోయి పడి ఉంటే, గంటల ముల్లు ఆగిన చోట దాని నీడ అంత మేర డయల్ పాత రంగులోనే ఉంటుంది, గుండీ లాగి ముల్లు పక్కకి తిప్పితే ఆ నీడ కనిపిస్తుంది. అక్షరాలు మాత్రం ఒక్కటి కూడా చెదరవు, నిక్కచ్చిగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇలాంటి డయల్ మీ చేతిలో ఉంటే మీరు అదృష్టవంతులు.

రేడియం ఉందేమో చూసుకోండి

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, జాగ్రత్త కోసం. చీకట్లో మెరిసే పూత దేన్నైనా మనం రేడియం అనేస్తాం, కానీ 1960ల దాకా వచ్చిన కొన్ని వాచీల్లో నిజంగానే రేడియం కలిపిన పూత ఉంది. తర్వాత ట్రిటియం వచ్చింది, అది 1990ల చివరి దాకా నడిచింది. ట్రిటియం శక్తి పన్నెండేళ్ళకోసారి సగమవుతుంది కాబట్టి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. రేడియం సగం కావడానికి 1600 ఏళ్ళు పడుతుంది. వాచీ ఇప్పుడు చీకట్లో మెరవడం లేదంటే దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ అరిగిపోయిందని అర్థం, రేడియం అలాగే ఉంది. నూరేళ్ళ కిందట అమెరికాలో న్యూజెర్సీలో డయళ్ళకి ఈ పూత వేసే ఆడపిల్లలు కుంచె మొన పెదాలతో సరిచేసుకుంటూ పనిచేశారు, వాళ్ళలో ఎంతోమంది దవడ ఎముకలు కుళ్ళి, రక్తం చెడి చనిపోయారు.

గుర్తుపట్టడం ఎలాగంటే, డయల్ అడుగున ఆరు దగ్గర స్విస్ అనే మాటకి అటూ ఇటూ టి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది ట్రిటియం. అలాంటి గుర్తేమీ లేకుండా, 1960ల నాటిదో అంతకుముందుదో అయి, అంకెల మీద గట్టిపడిన గోధుమ రంగు పూత ఉంటే రేడియం అనుకునే జాగ్రత్తపడండి. ముల్లు ఒకేచోట చాలాకాలం ఆగి ఉంటే దాని కింద డయల్ మాడినట్టు ముదురు రంగు ముద్ర కూడా పడుతుంది. మూత వేసి ఉన్న వాచీని అప్పుడప్పుడూ పెట్టుకుంటే పరవాలేదు. కానీ ఇంట్లో విప్పకండి, ఆ పూత గీకకండి, ఊదకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ పొడి లోపలికి పోవడమే ప్రమాదం. రిపేరు చేసే అతనికి కూడా ముందే చెప్పండి, ఆయన ఆరోగ్యం కూడా మనకి ముఖ్యమే.

అసలు డయలేనా అని పరీక్షించండి

ఇంట్లో వాచీ అయితే ఎవరూ మార్చలేదని మీకు నమ్మకం ఉండొచ్చు, అయినా చూడండి, నాన్నగారు ఎప్పుడో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మార్చేసి ఉండవచ్చు. బయట కొంటుంటే ఇది తప్పనిసరి. హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీలు మొదలుపెట్టింది, ఆ హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక పాత వాచీలకి గిరాకీ పెరిగింది, దాంతోపాటు పాత మెషిన్లకి మెరిసే కొత్త డయళ్ళు వేసి అమ్మడమూ పెరిగింది. ఆరెంజ్, చిలకపచ్చ, నీలం రంగుల్లో ధగధగలాడే హెచ్‌ఎంటీ పైలట్ మోడల్ వాచీలు, ఫేవర్ లూబాలు కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు అవి తర్వాత వేసినవే అనుకోండి. నన్నడిగితే అలాంటి వాచీ తక్కువకి వచ్చినా కొనను.

భూతద్దంలో ముందు అక్షరాలు చూడండి. తర్వాత వేసిన డయల్‌లో సిరా అంచుల దగ్గర పాకినట్టు ఉంటుంది, ఒక అక్షరం లావు ఒకటి సన్నం. తర్వాత నిమిషాల గీతలు, గంటల గుర్తుకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంటూ రండి. ఆరు దగ్గర అడుగున ఉండే చిన్న అక్షరాలు, స్విస్ మేడ్ అనో మేడ్ ఇన్ ఇండియా అనో ఉండాల్సినవి, మాయమైతే అనుమానించండి, రంగు వేసేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది వాటినే. మోడల్ పేరు పెట్టి అదే వాచీ ఫొటోలు ఆన్‌లైన్లో నాలుగైదు తెరిచి పక్కపక్కన పోల్చుకోండి. డయల్ కొత్తగా మెరుస్తూ, కేసు, అంటే వాచీ చుట్టూ ఉండే లోహపు చట్రం, అరిగి, ముళ్ళ మీద పూత పాతబడి ఉంటే ఆ మూడింటికీ వయసు కలవడం లేదన్నమాట.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. రంగు మారిన డయల్‌కి ధర ఉందని తెలిశాక మామూలు డయళ్ళని ఓవెన్‌లో పెట్టి, టీ నీళ్ళు పూసి, ఎండలో ఎండేసి పాతగా చేస్తున్నారు. నిజంగా వెలుతురుకి మారిన డయల్‌లో, విప్పి చూస్తే కేసు అంచు కింద దాగిన సన్నటి చుట్టు పాత నల్ల రంగులోనే మిగిలి ఉంటుంది. కాల్చిన డయల్ అంచు దాకా ఒకటే రంగు. ముళ్ళ మీది పూత, డయల్ మీది పూత ఒకే వన్నెలో ఉండాలి. దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చి ఉంటే దాంతో పూత మీద కొట్టి ఆపేయండి. పాత ట్రిటియం పూత టార్చి తీయగానే ఆరిపోతుంది, ఆ తర్వాత కూడా చాలాసేపు మెరుస్తూనే ఉందంటే ఎవరో ఈమధ్య వేసిన పూత.

పెద్దపెద్దవాళ్ళే ఇందులో బోల్తాపడ్డారు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ అనే వేలం సంస్థ పెట్టిన వేలంలో డయల్ గోధుమ రంగుకి తిరిగిన 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడుపోయింది. కొన్నది ఒమేగా కంపెనీయే, తమ మ్యూజియం కోసం. 2023లో తేలిందేమిటంటే, అది వేర్వేరు వాచీల భాగాలు తెచ్చి కలిపింది, అందులో తమ మాజీ ఉద్యోగుల చేయి ఉందని కంపెనీయే చెప్పింది. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉండి కూడా అలా జరిగిందంటే మనం భూతద్దం బయటకి తీయడానికి మొహమాటపడకూడదు.

విలువ ఎంతని అనుకోవాలి

లక్షలు పలికేవి కొన్ని స్విస్ మోడళ్ళు మాత్రమే. జనతా డయల్ ఎంత అందంగా మారినా అది లక్షల వాచీ కాదు, ఎవరైనా అలా చెప్పి అమ్మజూపితే లేచి వచ్చేయండి. కానీ రంగు వేసిన జనతాకీ, ముట్టుకోని జనతాకీ మధ్య తెలిసినవాళ్ళు ఎప్పుడూ ముట్టుకోనిదే ఎంచుకుంటారు. మార్పు అంతటా ఒకేలా ఉందా, అక్షరాలు పూర్తిగా చదవగలుగుతున్నామా, ముళ్ళు అసలువేనా, ఈ మూడింటికే ధర. మచ్చలు మచ్చలుగా, సగం అక్షరాలు రాలిపోయి ఉంటే దానికి పాతదనం అని పేరు పెట్టి ఎక్కువ అడిగేవాళ్ళని నమ్మకండి. సొంత తాత వాచీ అయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఆ మచ్చలు ఆయన చెమటవి.

షాపులో ఎలా మాట్లాడాలి

నెల్లూరు ట్రంక్ రోడ్డు వైపు అయినా, కావలిలో అయినా, ఒంగోలులో అయినా గాజు పెట్టె ముందు వంగి పనిచేసే పాతకాలం మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, పని తెలిసినవాళ్ళు. వాళ్ళ లెక్కలో మంచి సర్వీసింగ్ అంటే వాచీ తళతళలాడాలి, అది వాళ్ళ పని మీద గౌరవంతోనే. కాబట్టి మనకేం కావాలో మనమే విడమర్చి చెప్పాలి.

"భాయ్, మెషిన్ కడిగి ఆయిల్ వెయ్యండి, అద్దం మార్చండి, డయల్ మాత్రం అలాగే ఉంచండి."

"ఏం సామీ, పసుపుగా ఉందే. లైట్‌గా తుడిస్తే మెరుస్తది."

"వద్దు భాయ్, గుడ్డ కూడా తగలనీయొద్దు. దుమ్ముంటే బ్లోయర్‌తో ఊదండి చాలు."

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాలంటే, వెండి పూత డయళ్ళ మీద అక్షరాలు వార్నిష్ పోయాక ఒక్క తుడుపుకి చేతికొచ్చేస్తాయి. స్పిరిట్ తగిలితే వార్నిష్ కరిగిపోతుంది, నీళ్ళు తగిలితే మరక. ఇచ్చేముందు ఫోన్‌లో డయల్‌ని దగ్గరగా, స్పష్టంగా రెండు మూడు ఫొటోలు తీసి, అతనికి చూపించే ఇవ్వండి. వీలైతే విప్పేటప్పుడు అక్కడే కూర్చోండి. డయల్ వెనక రెండు సన్నటి కాళ్ళుంటాయి, మెషిన్‌కి బిగించేవి. అవి విరిగితే జిగురు పెట్టి అతికించవద్దని ముందే చెప్పండి. కొత్త డయల్ వేయించాలని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే, పాత డయల్‌ని పడేయకుండా చిన్న డబ్బాలో వెనక్కి ఇమ్మనండి.

చిలుము పట్టి పెయింటు పొట్టులా రాలుతుంటే మాత్రం లెక్క వేరు. ఆ పొట్టు మెషిన్‌లో పడితే పళ్ళచక్రాలు ఆగిపోతాయి. అప్పుడు డయల్ మార్చడమే మేలు, అదే మోడల్ పాత వాచీ నుంచి తీసిన అసలు డయల్ దొరుకుతుందేమో వెతకండి.

దాచుకోవడం

మన ఎండలకి, మన తేమకి తగ్గట్టు దాచాలి. బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. రంగు ఇంకా బాగా తిరుగుతుందని రోహిణి కార్తెలో మేడ మీద ఎండేసేవాళ్ళున్నారట, వార్నిష్ పగిలి లోపల ఆయిల్ ఎండిపోవడం తప్ప వచ్చేదేమీ లేదు. బీరువాలో చీరల మధ్య కలరా ఉండల పక్కన వద్దు, ఆ వాసన ప్లాస్టిక్ అద్దానికి, వార్నిష్‌కి పడదు. రబ్బరు బ్యాండు చుట్టి పెట్టడం అసలే వద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి డయల్‌కి అదే శత్రువు. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి, వానాకాలం మొదలయ్యేముందు పొట్లాలు మార్చండి. వారానికోసారి తీసి నిండా కీ ఇచ్చి, ఏసీ గదిలోనో సాయంత్రం పూటో చేతికి పెట్టుకోండి. చెమట పట్టే పనుల్లో, వానలో పెట్టుకోకండి. తీశాక వెనక మూత పొడిగుడ్డతో తుడవండి, పాత కేసుల్లో చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూతే, చెమటకి గుంటలు పడతాయి. సర్వీసింగ్‌లో వెనక మూత లోపలి వాషర్ కొత్తది వేయించితే గాలి దూరడం తగ్గి, డయల్ రంగు ఇప్పుడున్న చోటే చాలాకాలం నిలుస్తుంది.

బిల్లు, గ్యారంటీ కార్డు, పాత డబ్బా దొరికితే వాచీతోపాటే ఉంచండి. అవి లేకపోతే ఒక కాగితం మీద ఎవరిది, ఏ ఊళ్ళో కొన్నారు, సుమారుగా ఏ ఏడాది, ఎప్పుడు సర్వీసింగ్ చేయించారు, ఏ భాగాలు మార్చారు అన్నది పెద్దవాళ్ళని అడిగి ఇప్పుడే రాయించుకోండి, డయల్ ఫొటో కూడా ఏడాదికొకటి తీసి తేదీ వేసి పెట్టుకోండి, రంగు కదులుతోందో ఆగిందో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.